తగ్గిస్తే పెరిగిన స్పీడు

వదిన పాత కంప్యూటర్ చచ్చిపోవడానికి మంచి ముహూర్తమే చూసుకుంది. పిల్లల ఆసుపత్రి డిజైన్ పోటీలో చివరికి మిగిలిన రెండు ఆఫీసుల్లో ఆమెది ఒకటని కబురు వచ్చిన మర్నాడే తెర నీలంగా మారింది. లోపల ఏదో ఒకసారి మూలిగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు స్విచ్ నొక్కినా పలకలేదు.

ఆఫీసు అనగానే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. టైర్ల షాపు మీద ఒక గది, రెండు బల్లలు, ఎంత కడిగినా పోని రబ్బరు వాసన. అక్కడ ఆమె భవనాల లోపలి డిజైన్లు గీస్తుంది. మరిది పొద్దస్తమానం "వదినా, వదినా" అని అరుస్తుంటే కింద షాపు వాళ్ళకీ, కొరియర్ తెచ్చేవాడికీ కూడా ఆమె వదినే అయిపోయింది. సరుకు రైళ్ళలో గార్డుగా తిరిగే మొగుడు ఒక్కడే ఆమెను ఇంకా పేరుతో పిలుస్తున్నాడు. అదీ ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు.

పోటీలో రెండో ఆఫీసు పెద్దసారుది. ఏడాది కిందటిదాకా వదిన అక్కడే పనిచేసింది. అది క్రమశిక్షణకు పుట్టిల్లు. లోపలికి అడుగుపెట్టే ముందు ప్రతివాడూ తన ఫోన్‌ను గుమ్మం పక్కనున్న ట్రేలో పెట్టాలి. సారు కూడా పెడతాడు, అందరికంటే ముందు, అందరూ చూసేలా. పనికి అడ్డమని ల్యాండ్‌లైన్ పీకించేశాడు. చేతి గడియారాలు కూడా వద్దన్నాడు. హాలు గోడ మీద ఎర్రంకెల గడియారం ఒకటుంది. సారు గదిలో ఉన్న ఖరీదైన కంప్యూటరే దానికి టైము అందిస్తుంది. హాజరు, భోజనం, ఇంటికి పోవడం అన్నీ ఆ అంకెల ప్రకారమే. నిమిషం ఆలస్యమైతే సగం పూట జీతం కోత.

"ఈ ఆఫీసులో టైమంటే ఆ గోడ మీద ఉన్న టైమే," అనేవాడు సారు, సూర్యుడు కూడా తన అనుమతి తీసుకునే ఉదయిస్తున్నట్టు.

అత్తగారు మెట్ల మీంచి జారిపడిన రోజు వదిన ఫోన్ ఆ ట్రేలో మోగీ మోగీ ఆగిపోయింది. సాయంత్రం బయటికొచ్చి చూసుకుని, మర్నాడు రాజీనామా ఇచ్చింది. సారు కోప్పడలేదు. నవ్వాడు. "నీ కుర్చీ ఎవరికీ ఇవ్వను. నీ ఆఫీసు ముచ్చట తీరాక వచ్చి కూర్చో," అన్నాడు. ఆ కుర్చీని నిజంగానే ఖాళీగా ఉంచి, కొత్తగా వచ్చినవాళ్ళకి చూపించి కథ చెబుతున్నాడట.

ఈ ఆసుపత్రి పని చేజారితే గది అద్దె కట్టే దారి లేదు. వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చోవాలి.

పోటీలో చివరి మెట్టు ఒక సినిమా. గీసిన భవనంలో వెలుగూ నీడా లెక్కకట్టి, మనిషి లోపల నడుస్తున్నట్టు చూపించాలి. రెండరింగ్ అంటారు దాన్ని. ప్రాసెసర్ ప్రాణం తోడేసే పని. ఆ సినిమాను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, గడువు రోజు సాయంత్రం ఐదింటిలోపు ఆసుపత్రి కట్టిస్తున్న ట్రస్టు ఆఫీసులో ఇవ్వాలి. కొత్త కంప్యూటర్ కావాలి, చేతిలో ఉన్నది తక్కువ.

అప్పుడు రంగంలోకి దిగాడు మరిది. టర్బో అని అతనికి అతనే పెట్టుకున్న పేరు. చవక ప్రాసెసర్ కొని, కంపెనీ వాళ్ళు పొమ్మన్నదానికంటే వేగంగా దాన్ని తోలడం, అంటే ఓవర్‌క్లాకింగ్, అతని జీవితాశయం. ఉద్యోగం కాదు. ఉద్యోగానికి అతను ఇంకా సమయం కేటాయించలేదు.

కంప్యూటర్ల షాపులో షాపాయన ఒక మధ్యరకం ప్రాసెసర్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది తీసుకెళ్ళండి మేడమ్. పెట్టండి, పని చేసుకోండి. దీంతో కుస్తీ పట్టక్కర్లేదు."

కుస్తీ లేకపోతే ఇక బతుకెందుకన్నట్టు చూశాడు టర్బో. దానికంటే రెండు మెట్లు కింద ఉన్న రకం అడిగాడు. వేగం పెంచుకోవడానికి తాళం వేయకుండా అమ్మే చవక రకం అది. ఒకే రకంవి మూడు డబ్బాలు వచ్చాయి. మూడింటినీ వరసగా పెట్టి, ఫోన్ లైటు వేసి, అట్ట మీది చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. ఏ వారం తయారైంది, ఏ కార్ఖానాలో తయారైంది. ఒకే అచ్చులోంచి వచ్చినా ఒకటి గుర్రమవుతుందట, ఒకటి గాడిదవుతుందట. మొహం చూసి చెప్పేయగలడట.

"బాబూ, పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇంత వాకబు చేయరు," అన్నాడు షాపాయన.

టర్బో మధ్య డబ్బాను గుండెకి హత్తుకున్నాడు. "ఇదే వదినా. గుర్రం. దీని ముందు పెద్దసారు మెషీన్ ఎద్దుబండి."

ఆ గుర్రాన్ని చల్లగా ఉంచడానికి ఇటుకరాయంత కూలర్ కావలసి వచ్చింది. వేగం పెంచనిచ్చే బోర్డు కావలసి వచ్చింది. దాని ఆకలికి తగ్గ పెద్ద పవర్ సప్లై కావలసి వచ్చింది. చివరికి షాపాయన బిల్లు రాస్తూ, పక్కకి తోసేసిన మధ్యరకం ప్రాసెసర్ వైపు ఒకసారి, వదిన వైపు ఒకసారి చూశాడు. సంచీ మాత్రం ఉచితంగా ఇచ్చాడు.

గుర్రం మొదటిరోజే మొరాయించింది. టర్బో వేగం పెంచడం, మెషీన్ ఆన్ కావడం, బరువైన పని పెట్టగానే బిగుసుకుపోవడం. ఫ్యాన్ల హోరుకి కింద టైర్ల షాపువాడు పైకి వచ్చి, ఏమైనా పిండిమర పెట్టారా అని అడిగి వెళ్ళాడు. కంటి ఆపరేషన్ అయిన అత్తగారిని ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక వదిన ఆఫీసుకే తెచ్చుకుంది. ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కొడుకు ప్రతిభను చెవులతోనే ఆస్వాదిస్తోంది.

"చిన్నప్పుడు రేడియో విప్పాడు. ఇప్పటికీ దాన్ని బిగించలేదు," అని వదినతో అన్నది, సమాచారం కోసమన్నట్టు.

అప్పుడు జరిగింది అద్భుతం. టర్బో మెషీన్‌ను ఎక్కువ వేగంతోనే మొదలుపెట్టి, ఆన్ అయ్యాక ఒక చిన్న ప్రోగ్రాంతో ఆ వేగాన్ని కాస్త కిందికి దించాడు, బిగుసుకుపోకుండా ఉంటుందని. బిగుసుకుపోలేదు. ప్రాసెసర్ వేగాన్ని పరీక్షించే ప్రోగ్రాం నడిపాడు. వేగం తగ్గించాక మార్కులు తగ్గాలి కదా. పెరిగాయి. ఇంకాస్త దించాడు. ఇంకా పెరిగాయి. రెట్టింపు ధర ప్రాసెసర్లు కూడా తెచ్చుకోలేని మార్కులు తెర మీద మెరుస్తున్నాయి.

బుద్ధున్నవాడైతే ఇక్కడ ఆగి, తగ్గిస్తే ఎందుకు పెరిగిందని బుర్ర గోక్కునేవాడు. టర్బో దానికి 'టర్బో టెక్నిక్' అని పేరు పెట్టి, తెరకి ఫోటో తీసి, ఓవర్‌క్లాకింగ్ గ్రూపులో పెట్టేశాడు. దండాలు, చప్పట్లు, మంటల బొమ్మలు వరదలా వచ్చాయి. పెద్దసారు ఆఫీసు టెక్నీషియన్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు. గురువుగారూ, కాస్త వివరంగా చెప్పండి అని అడిగాడు. గురువు అనగానే టర్బో కరిగిపోయాడు. ఏది ఎంత పెంచాలో, తర్వాత ఎంత దించాలో, ఏయే సర్వీసులు ఆపేయాలో పూసగుచ్చినట్టు రాసి పంపాడు.

"శత్రువుకి కత్తి నూరి మరీ ఇచ్చావా?" అని అడిగింది వదిన.

"జ్ఞానం పంచితే పెరుగుతుంది వదినా."

"నీ దగ్గర పంచేంత ఉందని నాకు తెలీదు మరి."

అయినా ఆ మార్కులు చూసి ఆమెకీ ధైర్యం వచ్చింది. చిన్న పనులు పెట్టి చూసింది. నడిచాయి, బిగుసుకుపోలేదు. ఇన్నాళ్ళకి మరిది ఒక పనికొచ్చే పని చేశాడని అత్తగారితో చెప్పింది కూడా. ఆవిడ నమ్మలేదు. కన్నతల్లి కదా, ఆవిడకి అనుభవం ఉంది.

ఒక్కటే చిన్న తేడా. తెర మూలన ఉన్న టైము, వదిన ఫోన్‌లో టైముకంటే వెనకబడుతోంది. టర్బోకి చెబితే చిటికె వేశాడు. బోర్డు మీద బొత్తామంత బ్యాటరీ ఉంటుంది, అది నీరసపడితే గడియారం వెనకబడుతుంది, అందరికీ తెలిసిందే అన్నాడు. బ్యాటరీ మార్చాడు. అయినా వెనకబడింది. పాత సరుకు అంటగట్టారని షాపాయన మీదికి యుద్ధానికి వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. అదీ అంతే. ఇంటర్నెట్ నుంచి టైము దానంతట అదే సరిచేసుకోదా అని వదిన అడిగితే, స్పీడు తినేస్తోందని ఆ సర్వీసును ఆపేశానన్నాడు. రోజూ పొద్దున్నే చేత్తో టైము సరిచేస్తూ, లోకంలో నిఖార్సైన బ్యాటరీ దొరకడం లేదని బాధపడుతూ పోయాడు.

గడువు రోజు వచ్చింది. ఆసుపత్రి సినిమా రెండరింగ్ పొద్దున్నే మొదలైంది. సాయంత్రం ఐదింటికి చాలా ముందే అయిపోతుందని కంప్యూటర్ చెప్పింది. టర్బో కాలు మీద కాలు వేసుకుని గ్రూపు చూసుకుంటున్నాడు. పెద్దసారు టెక్నీషియన్ పొద్దున తన ఫోన్ ట్రేలో పెట్టేముందు అందులో రాశాడు: 'సారు మెషీన్‌కి నిన్న ఇంటికెళ్ళేముందే టర్బో టెక్నిక్ పెట్టాం. మార్కులు చూసి సారు నా భుజం తట్టారు.' టర్బో దానికి గుండె బొమ్మ పెట్టాడు.

అత్తగారికి గంటకోసారి కంట్లో చుక్కలు వేయాలి. చెవి మెలితిప్పితే గంట తర్వాత గణగణమనే వంటింటి టైమర్ ఒకటి ఆవిడ ఒళ్ళో ఉంది. అది మోగింది. టర్బో తెర మూలకి చూసి, "అప్పుడే కాలేదమ్మా, ఇంకా ఉంది," అన్నాడు. ఆవిడ వినకుండా చుక్కలు వేయించుకుంది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఇంకా ఉందన్నాడు. ఈసారి ఆవిడ నల్లకళ్ళద్దాలు సవరించుకుంది.

"నా టైమరూ, వదిన ఫోనూ ఒక్క మాట మీదున్నాయి. నీ డబ్బా ఒక్కటే వేరే దేశంలో ఉన్నట్టుంది."

చుక్కల సీసాకి మూత పెడుతున్న వదిన చెయ్యి ఆగిపోయింది.

"టర్బో, నిన్న ఇంటికెళ్తూ మెషీన్ ఆపేశాం కదా. పొద్దున ఆన్ చేసేసరికి టైము ఇంకా వెనకబడిందా?"

"లేదు. నిన్న సాయంత్రం ఎంత తేడా ఉందో అంతే ఉంది."

"బ్యాటరీ పనిచేసేది మెషీన్ ఆపేసినప్పుడు కదా. ఆపేసినప్పుడు బాగానే ఉంది. మనం పనిచేయించేటప్పుడే వెనకబడుతోంది. అవునా?"

టర్బో కాలు మీది కాలు కిందికి దిగింది.

"నీ మార్కుల ప్రోగ్రాం ఉందే, పని ఎంతసేపట్లో అయిందో అది దేన్ని చూసి చెబుతుంది?"

"కంప్యూటర్ గడియారాన్ని చూసి," అన్నాడు.

"అంటే పరుగెత్తేవాడే గడియారం కూడా పట్టుకున్నాడన్నమాట."

అదీ సంగతి. ఆన్ అయ్యాక వేగం దించినప్పుడల్లా లోపలి గడియారం కూడా దానితోపాటు మెల్లబడింది. గంట గడిస్తే అది ఇంకా గంట కాలేదనుకుంటోంది. కాబట్టి ప్రతి పనీ తొందరగా చేసేశానని తనకి తానే మార్కులు వేసుకుంటోంది. గుర్రం పరిగెత్తలేదు. కాలాన్ని కట్టేసి నిలబడింది. అంతకంటే భయంకరమైన విషయం ఇంకొకటుంది. రెండరింగ్ ఎప్పటికి అయిపోతుందో చెప్పిందీ ఆ గడియారమే. వదిన తన ఫోన్ టైముతో లెక్క చూసుకుంది. సినిమా పూర్తయ్యేసరికి ట్రస్టు ఆఫీసు తలుపులు మూసి ఉంటాయి.

ఖాళీ కుర్చీ ఒకటి కళ్ళముందుకి వచ్చి, ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

టర్బో ఏదో మొదలుపెట్టబోయాడు. ఇంకొక్క చిన్న సెట్టింగు మారిస్తే అన్నాడు. ఆ కూలర్ తీసి నీ నెత్తి మీద బిగిస్తానని వదిన నెమ్మదిగా చెప్పింది. ఆమె నెమ్మదిగా చెప్పిందంటే అత్తగారు కూడా కొడుకుని వెనకేసుకురాదు.

రెండరింగ్ ఆపేసింది. అప్పటిదాకా తయారైన బొమ్మలు ఎక్కడికీ పోవు. ముఖద్వారం, ఆటల గది, డాక్టర్ల గదులు అయిపోయాయి. మిగిలింది పిల్లల వార్డు, దానికి వెళ్ళే పొడవాటి దారి. మెషీన్‌ను మళ్ళీ ఆన్ చేసి, టర్బో పెట్టినవన్నీ పీకేసి, కంపెనీ ఇచ్చిన మామూలు వేగానికి తెచ్చింది. వార్డుకీ దారికీ రంగులు తీసేసి, లైట్లు తీసేసి, కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు ఒక్కటే ఉంచింది. గోడలు, మంచాలు, తలుపులు అన్నీ బూడిదరంగే. అందంగా ఉండదు. కానీ అవుతుంది.

పని మొదలైంది. మామూలు వేగంతో ఆ చవక ప్రాసెసర్ ఏ గోలా లేకుండా, ఇన్నాళ్ళూ చేసినంత వేగంగానే చేసుకుపోయింది. ఫ్యాన్లు నిశ్శబ్దమయ్యేసరికి కింద టైర్ల షాపువాడు కంగారుగా పైకి వచ్చి, అంతా క్షేమమేనా అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది వదినకి, పెద్దసారు మెషీన్. నిన్నటి నుంచీ టర్బో టెక్నిక్ మీద నడుస్తున్న మెషీన్. ఆ హాలు మొత్తానికి టైము చెప్పే మెషీన్.

నోరు మూసుకుంటే చాలు. వేలు కూడా కదపనక్కర్లేదు. ఆ ఆలోచన తియ్యగా ఉంది. వదిన దాన్ని చప్పరించలేదని చెప్పడం అబద్ధమవుతుంది. కొంచెంసేపు చప్పరించింది. కానీ తప్పుడు లెక్క బయల్దేరింది తన గదిలోంచి. ఆ హాల్లో తను నాలుగేళ్ళు కలిసి పనిచేసిన మనుషులు కూర్చున్నారు.

"గ్రూపులో పెట్టు, నీ టెక్నిక్ తప్పని."

"పరువు పోతుంది వదినా."

"ఉన్నదే కదా పోతుంది, లేనిదేం పోదు. పెట్టు."

పెట్టాడు, దానివల్ల సగం సినిమా బూడిదరంగు చేయాల్సి వచ్చిందన్న సంగతితో సహా, పన్ను పీకించుకున్న మొహంతో. అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. వదిన టెక్నీషియన్‌కి ఫోన్ చేసింది. మోగి ఆగిపోయింది. పెద్దసారుకే చేసింది. మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఆ ఫోన్ ఎక్కడ మోగుతోందో ఆమెకి బాగా తెలుసు. గుమ్మం పక్కన ట్రేలో, అన్నింటికంటే అడుగున, అందరికంటే ముందు పెట్టింది.

సినిమా పూర్తయింది. పెన్‌డ్రైవ్ పిడికిట్లో పెట్టుకుని వదిన టర్బో స్కూటరెక్కింది. టర్బో స్కూటర్‌ను మాత్రం మామూలు వేగానికంటే ఎక్కువగానే తోలాడు. ఆ ఒక్క ఓవర్‌క్లాకింగ్‌ను ఆమె మనస్ఫూర్తిగా క్షమించింది. ట్రస్టు గుమాస్తా కవరు మీద ముద్ర వేసి, ఆమె వెనకాలే కుర్చీలోంచి లేచి, గోడ గడియారం ఐదు కొట్టగానే తలుపు గడియపెట్టాడు.

వరండాలో నిలబడి వదిన నీళ్ళు తాగుతుండగా కారొకటి వచ్చి ఆగింది. ఎంతోసేపటికి వచ్చిందనుకుంటే పొరపాటు. టర్బో బండికి చిరునవ్వుతో తాళం వేసుకునేంత సేపయింది, అంతే. కాకపోతే తలుపు మూసిన తర్వాత వచ్చింది. పెద్దసారు తాపీగా దిగాడు. వెనకాల టెక్నీషియన్, చేతిలో మెరుస్తున్న పెట్టె, అందులో పెన్‌డ్రైవ్. టైముకంటే ముందే వచ్చిన మనిషి నడక అది.

తలుపు తట్టాడు. గుమాస్తా కిటికీలోంచి తొంగిచూసి, టైమైపోయిందన్నాడు.

"ఇంకా బోలెడు టైముంది," అన్నాడు సారు.

గుమాస్తా వేలితో గోడ గడియారం చూపించాడు.

"మీ గడియారం ముందుకుపోతోంది. బాగుచేయించుకోండి."

గుమాస్తా తన ఫోన్ తీసి కిటికీ ఊచలకి ఆనించి పట్టుకున్నాడు. సారు తన ఫోన్ తీశాడు. ట్రేలోంచి తీసుకుని చూడకుండా జేబులో వేసుకున్న ఫోన్. అందులోనూ అదే టైముంది. దాని కిందే వదిన చేసిన ఫోన్ల వరుస ఉంది. టెక్నీషియన్ కూడా తన ఫోన్ తీసి గ్రూపు చూశాడు, సారుకీ చూపించాడు. అతని మొహంలోని రంగులన్నీ ఎవరో రెండరింగ్‌లోంచి తీసేసినట్టయ్యాయి. మధ్యాహ్నం భోజనానికి ముందే అందరికీ ఆకలేసిందనీ, గోడ మీద టైము కాలేదని ఎవరూ నోరెత్తలేదనీ నసిగాడు.

సారు వదిన వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలిసిన వెంటనే ఫోన్ చేశాను సార్. మోగింది."

ట్రేలో మోగి ఆగిపోయిన ఇంకో ఫోన్ సంగతి ఆయనకీ గుర్తుండే ఉంటుంది. అయినా తన పాత ఆయుధం తీశాడు.

"ఎలాగూ మీ సినిమా సగం బూడిదరంగేనట కదా. నీ కుర్చీ ఇంకా అక్కడే ఉంది."

"ఉంచండి సార్," అంది వదిన. "మా మరిది ఖాళీగానే ఉన్నాడు. పంపిస్తాను."

వారం తిరక్కముందే ఆమె ఫోన్ మోగింది. మొదటి రింగుకే ఎత్తింది. గడువులోపు వచ్చిన సినిమా ఒక్కటే కాబట్టి పోలిక పెట్టే శ్రమ లేకపోయిందని ట్రస్టువాళ్ళు చెప్పారు. వాళ్ళలో ఒక పెద్ద డాక్టరమ్మకి అన్నింటికంటే నచ్చింది ఆ బూడిదరంగు వార్డేనట. రంగులు లేకపోవడంతో కిటికీ ఎక్కడుందో, పొద్దున ఏ మంచం మీద ఎండ పడుతుందో తేటగా కనిపించిందట. చాలా లోతుగా ఆలోచించి చేశారమ్మా అని మెచ్చుకుంది. వదిన వినయంగా అవునండీ అంది.

బయానా చేతికి రాగానే షాపుకెళ్ళి మధ్యరకం ప్రాసెసర్ అడిగింది. షాపాయన దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. సంచీకి మాత్రం ఈసారి డబ్బులు తీసుకున్నాడు.

టర్బో పెట్టిన సవరణకి గ్రూపులో రెండే లైకులు వచ్చాయి. ఒకటి వదినది, రెండోది పెద్దసారు టెక్నీషియన్‌ది. టర్బో టెక్నిక్‌కి మాత్రం కొత్తవాళ్ళు ఇప్పటికీ దండాలు పెడుతూనే ఉన్నారు. వాళ్ళంతా ఎక్కడెక్కడికి ఎంతెంత ఆలస్యంగా చేరుతున్నారో దేవుడికెరుక. తన ఆఫీసుకి మాత్రం ఆ గతి పట్టకుండా, గోడకి మేకు కొట్టి, అత్తగారి టైమర్‌ను వేలాడదీసింది వదిన.